సరస్వతి ఆకు ఉండలు

1979 ఫిబ్రవరి ఆఖరి ఆదివారం, ఒరిస్సాలోని మా గుడారి చర్చిలో నేను లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. రెండో పాట అయ్యాక, ప్రసంగానికి ముందు, దేవుడు చేసిన మేలు చెప్పదలచుకున్నవాళ్ళు లేచి చెప్పవచ్చు. మా సంఘంలో అది అలవాటు. జ్వరం తగ్గినవాళ్ళు, బదిలీ ఆగినవాళ్ళు చెబుతుండేవారు.

నేను చెప్పింది ఇది. క్రిస్మస్‌కి ముందు నాకు బుద్ధి చెదిరింది. తొమ్మిది రోజులు నిద్ర లేదు. వార్డులో ఖాళీ మంచాలకు కూడా టెంపరేచర్ చార్టులు రాశాను. విశాఖపట్నం తీసుకెళ్ళారు. అక్కడిచ్చిన మాత్రలు నేను మానేశాను. మా నాన్న సరస్వతి ఆకుతో ఉండలు చేసి పెట్టాడు. నిద్ర వచ్చింది, మాటలు ఆగాయి, మళ్ళీ డ్యూటీకి వెళ్తున్నాను. దేవుడు కొండమీద మొలిపించిన ఆకు నాకు చాలింది.

"ఆమేన్," అన్నారు పాస్టరు అమృతరావుగారు. సంఘం కూడా అంది. మూడో వరసలో నాన్న తల వంచుకుని ఉన్నాడు. ప్రార్థనలో ఉన్నాడనుకున్నాను.

నాన్న పేరు ఎలీయాజరు. మా ఊళ్ళో పదహారు మంచాల ఆసుపత్రి ఒకటి ఉండేది. ఆయన అందులో ముప్పై ఏళ్ళుగా కాంపౌండరు. నేను అక్కడే నర్సుని, ఆరేళ్ళుగా.

మాత్రలు ఎందుకు మానేశానో కూడా చెప్పాలి. నర్సు ట్రైనింగులో నన్ను రెండు నెలలు పిచ్చాసుపత్రిలో డ్యూటీకి వేశారు. ఆ మాత్రలు తినేవాళ్ళ చేతులు వణకడం అక్కడ చూశాను. చెయ్యి వణికితే సూదికి నరం దొరకదు. పైగా మా మేట్రన్ విజయరత్నంగారు ముందే చెప్పింది, మాత్రలమీద ఉన్న మనిషికి వార్డు ఇవ్వలేనని. జనవరిలో ఇల్లు చేరగానే మాత్రల్ని కవరుతో సహా పొయ్యిలో వేశాను.

"ఆ మాత్రలు మళ్ళీ నాకు పెట్టనని మాటియ్యి నాన్నా," అన్నాను.

"పెట్టనమ్మి."

"మాటియ్యి."

"ఇచ్చేను."

వారం తిరక్కుండా ఆయన ఆకు పని మొదలుపెట్టాడు. కుంతి అని కొండ మీది మనిషి సంతకి ఆకులూ వేర్లూ తెచ్చేది. సరస్వతి ఆకుని ఒరియా వాళ్ళు థాల్‌కుడి అంటారు. కుంతి బుట్టెడు తెస్తే నాన్న కడిగి, నీడన ఆరబెట్టి, ఆసుపత్రి పింగాణి కల్వంలో నూరేవాడు. బెల్లం పాకం, మిరియాలు వేసేవాడు. ఉండలు చుట్టేటప్పుడు మాత్రం వెనక గదిలో తలుపు వేసుకునేవాడు. తడి చెయ్యి తగిలితే బూజు పడుతుందని చెప్పాడు. సొంఠి పొడిలో దొర్లించి హార్లిక్స్ సీసాలో పోసి ఇచ్చేవాడు. సీసాకి ముప్పై. రోజుకి ఒకటి, అన్నం తిన్నాక.

"ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు మందులు కలిపి, ఆకరికి ఆకు పసరు వైద్యుడైనాడు మీ నాన్న," అని అమ్మ నవ్వింది. అమ్మ పేరు సారమ్మ.

ఫిబ్రవరికల్లా నేను పడుకోగలిగాను. నోరు ఎండేది. ఆకు వేడి చేసిందన్నాడు నాన్న. నా రాత చిన్నదయింది. మేట్రన్ చార్టు పైకెత్తి, "పుష్పకుమారీ, ఇవి అంకెలా, సీమలు పాకినాయా? నీ కోసం నేను కళ్ళద్దాలు మార్పించుకోవాలేటి?" అంది. నీరసం వల్ల అనుకున్నాను. నేను నర్సుని. ఇవన్నీ చూశాను. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు.

సాక్ష్యం చెప్పిన ఆదివారమే, చర్చి మెట్ల దగ్గర ఇందుమతి టీచరు నన్ను ఆపింది. ఆవిడ బడిలో లెక్కలు చెప్పేది. భర్త పోయాక కూతురు సుమతితో చర్చి వెనక టీచర్ల ఇళ్ళలో ఉండేది. సుమతికి పదహారేళ్ళు. మార్చి పన్నెండు నుంచి మెట్రిక్ పరీక్షలు.

"అమ్మి, నీ ఉండలు మా సుమతికి ఓ నాలుగిస్తావేటి? సాయంత్రం బట్టీ పట్టిన సూత్రం పొద్దున్నకి మర్సిపోతంది. సరస్వతాకు బుర్రకి మంచిదంటారు గదా."

"అది జబ్బుకి సేసిన మందు టీచరమ్మా."

"ఆకే గదా అమ్మి. ఇప్పుడే గదా అందరి ముందరా సెప్పేవు."

తల్లి వెనక నిలబడి సుమతి నన్ను అడిగింది. "అక్కా, ఇది తింటే ఆల్జీబ్రా దానంతటదే వచ్చేస్తాదా?"

"రాదు. కూసుంటే వస్తాది."

"అయితే ఉండలెందుకు? కుర్చీ ఇచ్చీ."

ముగ్గురం నవ్వాం. ఆ మధ్యాహ్నం కొత్త సీసా మూత తీసి ఆరు ఉండలు కాగితంలో కట్టి ఇచ్చాను. పరీక్షకి వారం ముందు మొదలుపెట్టి రోజుకి ఒకటి తినమన్నాను. ఇవ్వవచ్చా అని ఒకసారి ఆలోచించాను కూడా. ఆకు, బెల్లం, మిరియం, సొంఠి. పసిపిల్లకైనా ఇవ్వవచ్చు.

శనివారం నాన్న సీసా పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"ఇరవై నాలుగుండాల. పద్దెనిమిదే ఉన్నాయి."

ఇచ్చానని చెబితే మందు పంచిపెట్టానని కోప్పడతాడనుకున్నాను. కాంపౌండర్లకి అది పడదు. "రెండేసి తిన్నాను నాన్నా. నిద్ర తక్కువైంది," అన్నాను.

ఆయన పీట మీద కూర్చున్నాడు. నా మణికట్టు పట్టుకుని నాడి చూశాడు.

"ఆరు రోజులూ రెండేసా?"

"అవును."

"మెడ పట్టీసినట్టుందేటి? నాలుక బిరుసెక్కిందేటి?"

"లేదు. ఆకుకి మెడ పడతాదేటి నాన్నా?"

"వేడి సేస్తాది గదా. అందుకడిగేను." సీసా తనతో తీసుకుపోయాడు. ఆ రోజునుంచి రోజూ ఒకటి తన చేత్తో తెచ్చి ఇచ్చి, నేను మింగేదాకా నిలబడేవాడు. నా మీద ప్రేమ అనుకున్నాను. అది ప్రేమే. అందులో ఇప్పటికీ నాకు అనుమానం లేదు.

మంగళవారం పొద్దున్న పది గంటలకు ఆయా సుబ్బులు వార్డులోకి పరుగెత్తుకొచ్చింది.

"పుష్పమ్మా, టీచరమ్మ కూతురికి దయ్యం పట్టీసింది. పాస్టరు అయ్యగారొచ్చేరు. టీచరమ్మ నిన్ను రమ్మంతన్నాది."

యూనిఫారంలోనే వెళ్ళాను. గదిలో ఆరుగురు ఆడవాళ్ళు. మంచం పక్కన అమృతరావుగారు ఒక చెయ్యి సుమతి తల మీద పెట్టి, ఇంకో చేత్తో బైబిలు పట్టుకుని ప్రార్థన చేస్తున్నారు. సుమతి మెడ ఎడమ భుజం మీదికి మెలితిరిగి ఉంది. గడ్డం పైకి లేచింది. కళ్ళు దూలం మీద నిలిచిపోయాయి. నాలుక బయటికి వచ్చి, లోపలికి పోవడం లేదు. చొంగ దిండు మీద పడుతోంది.

"సుమతీ, నా మాట వినపడితే నా వేలు నొక్కు."

నొక్కింది. గట్టిగా నొక్కింది. కంటి చివరనుంచి నీళ్ళు చెవిలోకి కారుతున్నాయి. మూర్ఛలో ఉన్న మనిషికి మాట వినపడదు. ఈ పిల్లకి అన్నీ తెలుస్తున్నాయి.

ఆ రెండు నెలల డ్యూటీలో ఇది మూడుసార్లు చూశాను. మూడుసార్లూ కొత్తగా మాత్రలు మొదలుపెట్టినవాళ్ళలో. ఫెనర్గాన్ సూది ఇస్తే తగ్గేది.

"టీచరమ్మా, దీనికేటి పెట్టేరు?"

"ఏటీ లేదు. పొద్దున్న సద్దన్నం తిన్నాది."

"మాత్రలేవైనా?"

"మాత్రలెందుకమ్మి? నువ్విచ్చిన ఉండలే. నిన్న సాయంత్రం రెండు, పొద్దున్న రెండు. పరీక్ష దగ్గరకొచ్చేసింది గదాని."

అమృతరావుగారి ప్రార్థన ఒక్క క్షణం ఆగింది. ఆయన కళ్ళు తెరిచి నన్ను చూశారు. మళ్ళీ మూసుకుని, ఇందాకటికంటే గట్టిగా మొదలుపెట్టారు.

ఆసుపత్రికి నడిచాను. డాక్టరుగారు కుష్ఠు క్యాంపుకి గునుపూర్ వెళ్ళారు. మందుల కిటికీ దగ్గర వరస లేదు. నాన్న లోపల దగ్గు మందు కలుపుతున్నాడు.

"ఫెనర్గాన్ ఇంజెక్షన్ ఒకటి కావాలి."

"ఎవరికి?" గాజు పుల్లతో కలుపుతూనే అడిగాడు.

"సుమతికి. మెడ ఎడమకి తిరిగిపోయింది. కళ్ళు పైకెళ్ళిపోయాయి. నాలుక లోపలికి రాటం లేదు."

గాజు పుల్ల ఆగింది.

ఆ కిటికీలోంచి డాక్టరు చీటీ లేకుండా ఏ ఇంజెక్షనూ బయటికి రాలేదు. ఒకసారి మేట్రన్ తన తల్లి కోసం వస్తే చీటీ తెమ్మని వెనక్కి పంపాడు. ఆవిడ మూడు నెలలు ఆయనతో మాట్లాడలేదు. నన్నూ రెండుసార్లు పంపాడు. చీటీ ఏదని అడుగుతాడని నిలబడ్డాను. ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను.

తాళాలు తీసి బీరువా తెరిచాడు. రెండు గాజు గొట్టాలు, సిరంజి, దూది నా ముందు పెట్టాడు.

"ఒకటిచ్చి అరగంట సూడు. తగ్గకపోతే రెండోది."

చీటీ అడగలేదు. దయ్యమేటి, మూర్ఛేటి అని అడగలేదు.

"ఎన్ని తిన్నాది?" అన్నాడు.

సుమతి ఏదో తిన్నదని నేను చెప్పలేదు.

"నాలుగు," అన్నాను.

పదీ నలభైకి ఇంజెక్షన్ ఇచ్చాను. పదకొండూ అయిదుకి నాలుక లోపలికి పోయింది. పావుగంట తర్వాత మెడ తిన్నబడింది. కళ్ళు కిందికి దిగి తల్లిని చూశాయి. "అమ్మా, నాకన్నీ వినపడ్డాయి," అంది సుమతి. ఆ తర్వాత నిద్రపోయింది. ఆడవాళ్ళు స్తోత్రం అన్నారు. అమృతరావుగారు నుదురు తుడుచుకుని, దయ్యం వదిలిందన్నారు. నా వైపు చూడలేదు.

ఇందుమతి నా రెండు చేతులూ పట్టుకుంది. "అయ్యగారి ప్రార్థన, నీ సెయ్యీ కలిసి కాపాడినాయమ్మి."

"టీచరమ్మా, మిగతా రెండు ఉండలూ ఇచ్చీండి."

"ఎందుకు? పరీక్ష రోజుకి దాచేను."

"పాడయిపోయుంటాయి."

"నువ్వు రోజూ తింటన్నావు గదా. పాడవుతాయేటి?" ఆడవాళ్ళ వైపు తిరిగింది. "ఇచ్చింది మళ్ళీ అడుగుతంది సూడండి, ఎలీయాజరు కూతురు." వాళ్ళు నవ్వారు. గది నిండా మనుషులు. నేను బయటికి వచ్చేశాను.

ఒంటిగంటకి నాన్న భోజనానికి వచ్చాడు. అమ్మ కంచాలు పెట్టింది. నేను కూర్చోలేదు.

"ఎప్పటినించి నాన్నా?"

"జనవరి పదినించి."

"ప్రతి ఉండలోనా?"

"ఒక్కోదాంట్లో ఒక మాత్ర. పొడి సేసి, తూకం సూసి." తూకం గురించి చెప్పేటప్పుడు గొంతు సర్దుకున్నాడు. మందు సరిగ్గా కలిపానని చెప్పే గొంతు.

"మాటిచ్చేవు."

"ఇచ్చేను. నువ్వు ఖాళీ మంచానికి దుప్పటి కప్పి, జ్వరం తగ్గిందని దాంతో సెప్తుంటే మాట పట్టుకుని కూసోలేకపోయేను."

నెలకోసారి సంఘం పనిమీద పార్వతీపురం వెళ్ళేవాడు. అది మాత్రలకోసమని అప్పుడు చెప్పాడు. విశాఖపట్నం డాక్టరు రాసిన చీటీ ఆయన దగ్గరే ఉంది.

"అమ్మా, నీకు తెలుసా?"

అమ్మ పప్పు గిన్నెలో గరిటె తిప్పుతోంది. "బతికేవు గదా," అంది.

"ఇంకెవరికి తెలుసు?"

"అయ్యగారికి. ఆయన్నడిగే సేసేం. పిల్ల బాగుపడ్డాక సెప్పీండి, దేవుడు క్షమిస్తాడన్నారు."

"నేను సాక్ష్యం సెప్తున్నప్పుడు మీ ముగ్గురికీ తెలుసు."

నాన్న అన్నాడు, "ఆపుదామని సగం లేచేను. మీ అమ్మ పంచె పట్టుకు లాగీసింది."

"మరేటి సేస్తాను? అంతమందిలో," అంది అమ్మ.

టీచరు దగ్గర ఇంకా రెండు ఉండలు ఉన్నాయని చెప్పాను. ఆయన కంచం వైపు చూస్తూ ఆలోచించాడు. ఆయనకు దారి దొరికిందని ముఖం చూస్తే తెలిసింది.

"టీచరమ్మకి సెప్పకు. బైటపడితే నీకు వార్డు ఉండదు. ఉట్టి ఆకుతో రెండు సేసిస్తాను. పిల్లని సూడ్డానికెళ్ళి మార్చీ. సొంఠి దొర్లిస్తే తేడా తెలీదు."

"మళ్ళీనా?" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. అది చూసి నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది.

నాలుగు గంటలకి ఇందుమతి ఇంటికి వెళ్ళాను. సుమతి లేచి కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. ఇందుమతిని పెరట్లోకి పిలిచి చెప్పాను. ఉండల్లో విశాఖపట్నం మాత్రలున్నాయి. సుమతి మెడ తిరగడం వాటివల్ల. నాకూ ఈ రోజే తెలిసింది.

ఆవిడ పెరటి తలుపు దగ్గరికి వేసింది.

"పిచ్చి మాత్రలా? నా కూతురిసేత పిచ్చి మాత్రలు తినిపించేవా?"

"నాకు తెలీదు టీచరమ్మా. ఆకే అనుకున్నాను."

"రెండు నెలలు నువ్వు తిని, నీకు తెలీదా? నర్సువి. ఎవరు నమ్ముతారు?"

ఆవిడ లోపలికి వెళ్ళి కాగితం పొట్లం తెచ్చి నా అరచేతిలో పెట్టింది. తాకకుండా, పైనుంచి వదిలింది.

"దానికి సెప్పకు. పరీక్షలు రాయనీ. మా ఇంటికింక రాకు."

తర్వాతి ఆదివారం రెండో పాట అయ్యాక లేచి నిలబడ్డాను. కిందటి నెలలో ఆకు వల్ల బాగుపడ్డానని ఇక్కడ చెప్పాను, అది నిజం కాదు, ఆసుపత్రి మాత్రల వల్ల బాగుపడ్డాను, నాకు తెలియకుండా పెట్టారు అన్నాను. ఎవరు పెట్టారో చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. ఆమేన్ అని ఎవరూ అనలేదు. అమృతరావుగారు పాట నంబరు చెప్పారు.

సోమవారం మేట్రన్ నన్ను దుప్పట్ల గదికి మార్చింది. "కోపం కాదమ్మి, నియమం," అంది. నాలుగు నెలలు దుప్పట్లు మడతపెట్టాను. సుమతి అదే సోమవారం మొదటి పరీక్ష రాసింది. అన్నీ రాసి పాసయింది. ఇందుమతి మళ్ళీ మా గడప తొక్కలేదు.

పన్నెండు రోజులు నేను ఏ మందూ తినలేదు. పదమూడో రోజు, దుప్పట్ల గదిలో ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచారు. గదిలో ఎవరూ లేరు. తలుపు తాళం వేసి డాక్టరుగారి దగ్గరికి నా అంతట నేనే వెళ్ళాను. ఆయన అవే మాత్రలు రాశారు. వణుకు తగ్గడానికి ఇంకొకటి చేర్చారు. నా పెట్టెలో పెట్టుకుని, తాళం నా దగ్గర ఉంచుకుని, నా చేత్తో తిన్నాను. అవి పనిచేశాయి. నాన్న ఎంచిన మందు సరైనదే. అది తెలిసినా నా మనసేమీ తేలికపడలేదు.

ఇంట్లో వండింది తినలేకపోయాను. అన్నంలో, మజ్జిగలో, చివరికి కుండలో నీళ్ళలో కూడా ఏదో ఉందనిపించేది. ఇది జబ్బో కాదో నేనే తేల్చుకోలేకపోయాను. పోయినసారి జబ్బులో ఇలాంటి అనుమానాలే వచ్చాయి. అప్పుడు అవి తప్పు. ఇప్పుడు తప్పని చెప్పడానికి నాకు ఆధారం లేదు. పెరట్లో వేరే పొయ్యి పెట్టుకుని నా బియ్యం నేను వండుకున్నాను. అమ్మ ఏడ్చింది. "ఒక్కింట్లో రెండు పొయ్యిలేటే," అంది. ఏప్రిల్, మే అలాగే గడిచాయి.

జూన్ రెండో వారంలో వాన మొదలయింది. పెరట్లో పొయ్యి తడిసిపోయింది. ఆ మధ్యాహ్నం అమ్మ ఏమీ అడక్కుండా నాకూ కంచం పెట్టింది. అన్నం, పప్పు, వంకాయ కూర. నేను కూర్చుని కంచం వైపు చూస్తున్నాను.

నాన్న చెయ్యి చాచి నా కంచంలో పప్పూ అన్నం కలిపాడు. ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. కూర కొంచెం తీసి అదీ తిన్నాడు. నా గ్లాసులోంచి ఒక గుక్క నీళ్ళు తాగాడు. కంచం నా వైపు జరిపాడు.

"ఏటది? ఎదిగిన పిల్లకి ఎంగిలి," అంది అమ్మ.

"తిననీ," అన్నాడు ఆయన.

ఆయన గొంతు కదిలి ముద్ద దిగేదాకా చూశాను. అప్పుడు తిన్నాను.

మర్నాడూ అలాగే చేశాడు. ఆ మర్నాడూ. నేను సునాబెడాలో ఉద్యోగానికి వెళ్ళేదాకా, రెండేళ్ళు, రోజూ రెండు పూటలా మొదటి ముద్ద ఆయన తిన్నాడు. వద్దని నేను ఒక్కసారి కూడా అనలేదు.